పాత తుపాకికి కొత్త గిరాకీ

రెమింగ్టన్ అనే పేరు మన జిల్లా పట్టణాలలో నడివయసు దాటినవారికి కొత్తది కాదు. కోర్టు ఆవరణలో అర్జీలు కొట్టే మిషన్లమీద, టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసిన మిషన్లమీద ఆ పేరు కనిపించేది. అది మొదట తుపాకుల కంపెనీ అన్న సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ అనే చిన్న ఊళ్లో 1828 నుంచి ఆ కంపెనీ తుపాకులు చేసింది. 1873లో టైపు మిషన్ల తయారీ చేపట్టి, 1886లో ఆ వ్యాపారాన్ని ఇతరులకు అమ్మివేసింది. తుపాకుల పని అదే ఊళ్లో కొనసాగింది.

2024 మార్చిలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. సుమారు 270 మందికి పని పోయింది. ఎనిమిది వేలకు లోపు జనాభా గల ఊరికి అది చిన్న దెబ్బ కాదు. తాత, తండ్రి, కొడుకు వరసగా ఒకే గేటు గుండా పనిలోకి వెళ్లిన కుటుంబాలు అటువంటి ఊళ్లలోనే ఉంటాయి.

వింత ఏమిటంటే, ఫ్యాక్టరీ మూతపడినా అక్కడ ఒకప్పుడు తయారైన చిన్న తుపాకులమీద అమెరికన్లకు మక్కువ తీరలేదు. ముఖ్యంగా ముందు పిడిని చేతితో వెనక్కి లాగి ముందుకు నెట్టే 'పంపు' రకం పాయింట్ టూటూ రైఫిళ్ల కోసం వేలంపాటలలో, తుపాకుల సంతలలో గాలించేవారు ఎందరో ఉన్నారు. ఈ మక్కువ వెనుక ఉన్నదేమిటి, అందులో మెచ్చదగినదెంత, జాగ్రత్తపడవలసినదెంత అన్నది విచారించదగిన విషయం. అది అమెరికా వారి గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీలులేదు. మన జిల్లాల బిడ్డలు ఎందరో అక్కడ కాపురాలు చేస్తున్నారు. తాతల నాటి తుపాకి ఉన్న ఇళ్లు ఇక్కడా ఉన్నాయి.

అంచుమీద దెబ్బ

తూటాలలో ముఖ్యంగా రెండు రకాలు. పెద్ద తుపాకుల తూటాకు అడుగున నట్టనడుమ చిన్న టోపీ ఉంటుంది. దానిమీద దెబ్బ పడితే లోపలి మందు అంటుకుంటుంది. చిన్న తూటాకు ఈ టోపీ ఉండదు. దెబ్బకు రగిలే మందు తూటా అడుగు అంచులోనే చుట్టూ ఉంటుంది. ఆ అంచుమీద దెబ్బ పడగానే పేలుతుంది. అందుకే దీనికి రిమ్ ఫైర్ అని పేరు. చేయడం చవక, పేల్చడం తేలిక, భుజానికి తగిలే అదురు స్వల్పం. ఒకసారి పేలిన తొడుగును మళ్లీ నింపి వాడుకోవడానికి మాత్రం వీలుండదు.

ఈ కొలత తూటాలలో మొదటిది 'షార్ట్'. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన రివాల్వరు కోసం దీనిని తెచ్చింది. 1887లో వచ్చిన 'లాంగ్ రైఫిల్' తూటా ఈనాటికీ దుకాణాలలో అమ్ముడవుతూనే ఉంది. ఎన్.సి.సి.లో చేరిన మన విద్యార్థులు ఫైరింగు రేంజిలో పేల్చే పాయింట్ టూటూ రైఫిలు ఈ జాతిదే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ పోటీలో రజతం గెలిచినా, మహారాష్ట్ర యువకుడు స్వప్నిల్ కుశాలే 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచినా, ఆ పోటీలలో వాడేది ఈ తూటాయే.

ఇక పంపు సంగతి. తుపాకి గొట్టం కింద మరో సన్నని గొట్టం ఉంటుంది. తూటాలు అందులో వరసగా నిలుస్తాయి. ఎడమ చేతి కింద ఉన్న కర్ర పిడిని వెనక్కి లాగితే ఖాళీ తొడుగు ఎగిరి బయటపడుతుంది, గుర్రం ఎక్కుతుంది. ముందుకు నెడితే కొత్త తూటా లోపలికి పోయి తలుపు మూసుకుంటుంది. తుపాకిని భుజంమీదనుంచి దించనక్కరలేదు, గురినుంచి కన్ను తీయనక్కరలేదు.

ఈ రకానికి పేరు తెచ్చినవారు యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణానికి చెందిన బ్రౌనింగ్ సోదరులు జాన్, మాథ్యూ. వారి నమూనా పనిచేయదని వించెస్టర్ కంపెనీ ఇంజనీర్లు మొదట పెదవి విరిచారని, అన్నదమ్ములు మారుమాట లేకుండా పనిచేసే తుపాకినే తయారుచేసి పంపించారని చెబుతారు. అదే 1890 మోడల్. నాలుగు దశాబ్దాలలో సుమారు ఎనిమిదిన్నర లక్షలు తయారయ్యాయి. 1932లో దాని వారసురాలుగా వచ్చిన 62వ మోడల్ 1958 వరకు నాలుగు లక్షలకు పైగా వచ్చింది. రెమింగ్టన్ కూడా ఊరుకోలేదు. పెడర్సన్ అనే నిపుణుడు రూపొందించిన 12వ మోడల్‌ను 1909లో రంగంలోకి దింపి, 1936 వరకు ఎనిమిది లక్షలకు పైగా తయారుచేసింది. అంటే ఇది దొరల వేట తుపాకి కాదు. రైతు కొట్టంలో, మెకానిక్కు ఇంట్లో గోడకు ఆనించి ఉన్న సామాన్యుడి తుపాకి.

సంతలో గొలుసు కట్టి

ఈ రైఫిలుకు అసలైన ప్రచారం సంతలలో, వినోదశాలలలో జరిగింది. న్యూయార్క్ నగరం పక్కన సముద్రతీరంలోని కోనీ ఐలండ్ వంటి చోట్ల గురి చూసి కొట్టే దుకాణాలు వరసగా ఉండేవి. ఎదురుగా పోత ఇనుముతో చేసిన బాతులు, కుందేళ్లు, తిరిగే చక్రాలు గొలుసుమీద కదిలిపోతుంటాయి. దుకాణం బల్లకు గొలుసుతో కట్టిన తుపాకి. చేతిలో పెట్టిన చిల్లరకు ఇన్ని తూటాలు. బాతు పడితే బొమ్మ బహుమానం. బల్లమీద మోచేతులు ఆనించినవాడికి తుపాకి కిందికి మీట లాగే రకం ఇబ్బంది. వెనక్కి ముందుకు జరిపే పంపు హాయి. అందుకే అక్కడ పంపు రైఫిలే రాజ్యమేలింది. అక్కడ వాడిన తూటాలలో ఇనుప పలకకు తగలగానే పొడి అయిపోయే గుండ్లు కూడా ఉండేవి.

మన తిరునాళ్లలో బెలూన్లు కొట్టే ఎయిర్ గన్ దుకాణం చూసినవారికి ఈ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. అదే బల్ల, అదే పందెం, అదే పౌరుషం. తేడా ఒక్కటే. ఇక్కడ ఉన్నది గాలి తుపాకి, అక్కడ ఉన్నది మందు తుపాకి.

ఆ దుకాణాలు క్రమంగా కనుమరుగయ్యాయి. 1936లోనే సీబర్గ్ కంపెనీ వెలుతురు కిరణంతో బాతును కొట్టే యంత్రం తెచ్చింది. 1984లో జపాన్‌కు చెందిన నింటెండో ఆ బాతులను టీవీ తెరమీదికి ఎక్కించింది. తరువాత మన ఇళ్లలో కూడా పిల్లలు ప్లాస్టిక్కు తుపాకి పట్టుకుని టీవీ ముందు కూర్చుని కొట్టింది ఆ బాతులనే. ఇనుప బాతులు ఇప్పుడు పురావస్తువుల ధరకు అమ్ముడవుతున్నాయి.

తయారీ ఎందుకు ఆగింది?

పాత పంపు రైఫిలు చేతికి తీసుకున్నవారు మెచ్చుకునేది దాని పనితనం. ఉక్కు ముద్దను మరలమీద చెక్కి, ఒక్కొక్క భాగాన్ని మరొకదానికి సరిపోయేలా అరగదీసి, నల్లని నీలిమెరుగు పెట్టి, వాల్‌నట్ కర్ర బిగించి చేసిన వస్తువు అది. పక్కనున్న మరను చేతితో తిప్పితే రెండు ముక్కలై సంచిలో ఇమిడిపోయేది.

ఆ పనితనమే చివరికి దానికి బరువైంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కూలిరేట్లు పెరిగాయి. అన్ని మరలు దాటి వచ్చే వస్తువు గిట్టుబాటు కాలేదు. వించెస్టర్ 1958లో 62వ మోడల్‌ను, 1963లో గుర్రం బయటికి కనిపించని 61వ మోడల్‌ను ఆపివేసింది. 1964లో తన ఇతర తుపాకులలోనూ ఖర్చు తగ్గించే పద్ధతులకు మళ్లింది. అందువల్లనే అక్కడి సేకరణకారులకు 1964కు ముందు, తరువాత అనేది పెద్ద గీత. అదే 1964లో రూగర్ కంపెనీ తనంతట తానే తూటా ఎక్కించుకునే చిన్న రైఫిలును తక్కువ ధరకు తెచ్చి మార్కెట్టును లాగేసుకుంది. పిడి లాగే శ్రమ కూడా లేని తుపాకి దొరికినప్పుడు పంపు ఎవరికి కావాలి?

ఒక్క రెమింగ్టన్ 1955లో మొదలుపెట్టిన 572వ మోడల్‌ను పట్టుకుని చాలాకాలం వేలాడింది. చివరకు ఆ కంపెనీయే 2018లో ఒకసారి, 2020లో రెండవసారి దివాలా తీసింది. ఆస్తులు ముక్కలుగా వేలమయ్యాయి. తుపాకుల విభాగం కొన్నవారు 2021లో ఇలియన్ ఫ్యాక్టరీ తెరిచి, మూడేళ్లు తిరగకుండా మూసి, పనిని జార్జియా రాష్ట్రానికి తరలించారు. వించెస్టర్ వారి న్యూహేవెన్ ఫ్యాక్టరీకి అంతకు ముందే, 2006లో తాళం పడింది. అప్పుడు పని పోయినవారు రెండువందలకు కాస్త తక్కువ. ఒకనాడు వేలమంది పనిచేసిన చోటు అది. ఆ పేరు ఇప్పుడు జపాన్ వంటి దేశాలలో తయారయ్యే తుపాకులమీద కనిపిస్తోంది. 62వ మోడల్‌కు నకలును బ్రెజిల్‌లోని రోస్సీ కంపెనీ చాలాకాలం తయారుచేసింది. ఇటీవల మళ్లీ అదే రకాన్ని మార్కెట్లోకి దింపింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. పాత తుపాకిని వేలంలో ఎంత ధర పెట్టి కొన్నా, అందులో ఒక్క డాలరు కూడా దానిని చేసిన కార్మికుడికి గాని, అతని ఊరికి గాని చేరదు. అమ్మినవాడికి, వేలం వేసినవాడికి చేరుతుంది. మన పట్టణాలలో పాత ఇత్తడి బిందెలను అలంకారానికి కొనేవారు పెరిగినంత మాత్రాన కంచరి కొలిమి మళ్లీ రాజుకోనట్టే, పాత రైఫిళ్ల గిరాకీ ఇలియన్ గేట్లను తెరిపించలేకపోయింది. జ్ఞాపకం వస్తువును కాపాడుతుంది. పనిని కాపాడాలంటే కొత్త వస్తువుకు గిరాకీ ఉండాలి.

గుర్తున్నది, మరిచినది

అయితే ఈ మక్కువను వట్టి వెర్రి అని కొట్టివేయడం న్యాయం కాదు. పంపు రైఫిలు తలచుకునే అమెరికన్ వృద్ధుడు తలచుకునేది ఇనుమును కాదు. పక్కన నిలబడి గురి నేర్పిన తండ్రిని, ఉడుతల వేటకు వెళ్లిన పొలం గట్టును, లెక్కపెట్టి ఇచ్చిన తూటాలను. ప్రతి తూటాకు చేయి ఆడించవలసి రావడంతో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆలోచనకు ఒక క్షణం దొరికేది. ఈనాడు క్షణాలలో పదులకొద్దీ తూటాలు కక్కే తుపాకులు బడులలోకి, బజారులలోకి వస్తున్న దేశంలో, ఆ ఒక్క క్షణం కోసం బెంగపెట్టుకోవడం అర్థం చేసుకోదగినదే.

కాని జ్ఞాపకానికి తనకు నచ్చినవి దాచుకుని నచ్చనివి వదిలేసే గుణం ఉంది. ఆ 'మంచి రోజులలో' తుపాకి పోస్టులో ఇంటికి వచ్చేది. చవక రకాలు చాలావాటిమీద వరస నంబరు కూడా ఉండేది కాదు. 1963లో అధ్యక్షుడు జాన్ కెన్నెడీని చంపిన రైఫిలు అలా టపాలో తెప్పించినదే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యల తరువాత ఆ సంవత్సరం అక్టోబరులో వచ్చిన చట్టం టపా అమ్మకాలను కట్టడి చేసి, ప్రతి తుపాకికీ నంబరు ఉండి తీరాలన్నది. పద్దెనిమిది ఏళ్లు నిండనివారికి లైసెన్సు దుకాణదారు రైఫిలు అమ్మరాదన్నది.

మరో మాట కూడా చెప్పక తప్పదు. పాయింట్ టూటూ పిల్లల తూటా అన్న పేరు మోసకరమైనది. రాబర్ట్ కెన్నెడీని బలిగొన్నది ఈ కొలత రిమ్ ఫైర్ రివాల్వరే. 1981 మార్చి 30న అధ్యక్షుడు రేగన్ ఊపిరితిత్తిలోకి దిగినదీ ఈ కొలత గుండే. గురి తప్పిన లాంగ్ రైఫిల్ గుండు ఒక మైలుకు పైగా పోగలదు. సంతలో అది ఆటవస్తువుగా చెల్లిందంటే కారణం తూటా చిన్నది కావడం కాదు. తుపాకికి గొలుసు ఉంది, ఎదురుగా ఇనుప పలక ఉంది, పక్కన దుకాణదారు కన్ను ఉంది. పొలంలో పిల్లవాడి చేతిలో చెల్లిందంటే పక్కన తండ్రి ఉన్నాడు. వేలంలో కొనుక్కునేవాడికి తుపాకి వస్తుంది. గొలుసు, పలక, పెద్దవాడి కన్ను రావు. వాటిని తానే సమకూర్చుకోవాలి.

సమకూర్చుకోని ఇళ్లలో జరుగుతున్నది అమెరికా ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2020లో మొదటిసారిగా, ఒకటి నుంచి 19 ఏళ్ల లోపు వారి మరణాలకు కారణాలలో తుపాకి గుండు రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. వాటిలో హత్యలు ఎక్కువ. ఆత్మహత్యలు, ఆటలో పేలినవి కూడా ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 2021 నవంబరు 30న ఒక విద్యార్థి నలుగురు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. వాడిన పిస్టల్ కొద్ది రోజుల ముందు తండ్రి కొనిపెట్టినది. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు పడింది. పిల్లవాడి నేరానికి తల్లిదండ్రులను ఈ విధంగా శిక్షించడం అక్కడ అదే మొదలు. తుపాకి కానుకగా ఇచ్చినవాడు తాళానికి కూడా బాధ్యుడేనన్న సూత్రం కోర్టు గుమ్మం దాటిందన్న మాట.

రెండు చట్టాల చూపు

పాత తుపాకిని చట్టం ఎలా చూస్తుందన్నది మరో ఆసక్తికరమైన ప్రశ్న. అమెరికా కేంద్ర చట్టం చూసేది పుట్టిన సంవత్సరం. 1898లోగాని అంతకు ముందుగాని తయారైనది పురావస్తువు. 1968 చట్టం లెక్కలో అది తుపాకి కాదు. కాబట్టి 1897లో తయారైన వించెస్టర్ 1890 మోడల్ రైఫిలు పురావస్తువు. అదే మోడల్ 1900లో తయారైతే తుపాకి. రెండూ దుకాణంలో దొరికే తూటాతో సమానంగా పేలతాయి.

మన 1959 నాటి ఆయుధాల చట్టం చూసేది సంవత్సరం కాదు, శక్తి. కాలం చెల్లిన రకమైనా, పురావస్తువైనా, పాడైపోయినదైనా సరే, మరమ్మతు చేసినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటేనే మినహాయింపు. పేలే అవకాశం ఉంటే వయసుతో పనిలేదు, లైసెన్సు కావాలి. ఈ ఒక్క విషయంలో మన చట్టం చూపే సరైనదని నిస్సందేహంగా చెప్పవచ్చు. గుండు తగిలినవాడికి తుపాకి పుట్టిన తేదీతో పనేమిటి?

2019 డిసెంబరులో వచ్చిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడునుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ రెండింటిలోనే కలుస్తాయి. లైసెన్సుదారు మరణిస్తే ఆ లైసెన్సు కొడుకుకు తనంతట తాను బదిలీ కాదు. ఆయుధాన్ని జాప్యం లేకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరువద్ద గాని జమచేసి, కావాలనుకున్న వారసుడు తన పేర దరఖాస్తు పెట్టుకోవాలి. తాతగారి గుర్తు కదా అని బీరువా వెనుక దాచినవారు ప్రేమతోనే దాచి ఉండవచ్చు. చట్టం కంటికి మాత్రం అది లైసెన్సు లేని ఆయుధమే. ఇళ్లు పంచుకునేవేళ పొలం కాగితాలతోపాటు ఈ సంగతి కూడా చూసుకోవడం పెద్దల విధి.

తూటా దొరికినంతకాలం

ఇలియన్‌లో పుట్టిన రెండు వస్తువులలో టైపు మిషను కాలం తీరింది. అటకమీద ఉంటే దుమ్ము పడుతుంది, కిందికి దించితే మనవడు రెండు మీటలు నొక్కి నవ్వుకుంటాడు. రిబ్బను దొరకకపోతే అక్షరం పడదు. అదే ఊళ్లో పుట్టిన రైఫిలు సంగతి అలా కాదు. నూరేళ్ల నాటిదైనా, లాంగ్ రైఫిల్ తూటాకు చేసినదైతే నేడు కొన్న తూటాతో పేలుతుంది. అది ఎప్పటికీ పూర్తిగా పాతబడని వస్తువు. దానిమీది ప్రేమకూ, టైపు మిషనుమీది ప్రేమకూ మధ్య గల తేడా అంతా ఇక్కడే ఉంది.

పాత రైఫిలును ప్రేమించేవారిని నిందించనక్కరలేదు. ఆ పనితనం మెచ్చదగినదే. కాని ఆ ప్రేమ నిజమైనదైతే దానితోపాటు వచ్చిన క్రమశిక్షణను కూడా ప్రేమించాలి. తుపాకి ఖాళీగా, తాళంలో ఉండాలి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నదీ ఇదే. అక్కడ కాపురమున్న మన బిడ్డలు తమ పిల్లలను స్నేహితుల ఇళ్లకు ఆటలకు పంపేముందు, ఆ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా అని అడగడానికి మొహమాటపడరాదు. ఈతకొలను ఉందా, కరిచే కుక్క ఉందా అని అడగడం వంటిదే అది. అడిగినందుకు నొచ్చుకునే ఇల్లయితే పిల్లవాడు ఆ సాయంత్రం మన ఇంట్లోనే ఆడుకుంటే నష్టమేమీ లేదు.